కలెక్టర్ సెలవిచ్చినా పోస్టింగ్‌కి రమ్మంటున్నారు, తుఫాను రోజు మా అమ్మాయిని ఏం చేయమంటారు?

అమ్మా, మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. మీ అమ్మాయి కోస్తాలో ఒక ప్రైవేటు కాలేజీలో బీఎస్సీ నర్సింగ్ రెండో సంవత్సరం చదువుతోంది, హాస్టల్లో ఉంటోంది. వాతావరణ శాఖ రెడ్ అలర్ట్ ఇచ్చింది. కలెక్టర్ గారు విద్యాసంస్థలకు రెండు రోజులు సెలవు ప్రకటించారు. కాలేజీ వాట్సాప్ గ్రూపులో మాత్రం "ప్రొఫెషనల్ కాలేజీలకు ఈ సెలవు వర్తించదు, క్లినికల్ పోస్టింగ్‌కి రానివాళ్లకు ఆబ్సెంట్" అని పెట్టారు. పోస్టింగ్ అంటే ఆసుపత్రి వార్డులో పని నేర్చుకునే డ్యూటీ. పిల్ల ఫోన్‌లో ఏడుస్తోంది. వెళ్లి ఇంటికి తెచ్చుకోవాలా, కాలేజీ చెప్పినట్టు పోస్టింగ్‌కి పంపాలా అని మీ టెన్షన్.

నేను ముప్పై ఏళ్లకు పైగా నర్సింగ్ కాలేజీల్లో పాఠాలు చెప్పాను. అందులో పదకొండేళ్లు విశాఖలో హాస్టల్ వార్డెన్‌గా కూడా చేశాను. మీకు ఎక్కువ సమయం లేదు కాబట్టి ముఖ్యమైన మాట ముందు చెప్పేస్తాను. తుఫాను తీరం దాటడానికి 24 గంటల కంటే తక్కువ ఉంటే పిల్లను కదిలించకండి. ఇంటికీ వద్దు, ఆసుపత్రికీ వద్దు. హాస్టల్ గట్టి స్లాబు భవనమైతే అక్కడే ఉండనివ్వండి. ఆబ్సెంట్ సంగతి తర్వాత చూసుకోవచ్చు. దానికి దారి ఉంది, కింద రాశాను.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం నేను చేసిన తప్పే. 2013 అక్టోబరులో ఫైలిన్ తుఫాను వచ్చింది. దసరా ముందు రోజులు, ఇళ్లకు వెళ్లాలని పిల్లలందరికీ ఆరాటం. తుఫాను వస్తోందని తెలిసి మా యాజమాన్యం హాస్టల్ ఖాళీ చేయించమంది. పిల్లలు ఎవరి ఇంట్లో వాళ్లు ఉంటే మనకు బాధ్యత ఉండదని వాళ్ల ఆలోచన. నాకూ అది సబబే అనిపించి ఔట్‌పాస్‌ల మీద సంతకాలు పెట్టాను. బస్సులు అరకొరగా ఉన్న రోజులు. ఇచ్ఛాపురం, సోంపేట వైపు పిల్లలు ఏడుగురు కలిసి 12వ తేదీ పొద్దున ఒక వ్యాన్ మాట్లాడుకున్నారు. ఆ రాత్రి ఫైలిన్ తీరం దాటింది ఒడిశాలోని గోపాల్‌పూర్ దగ్గర. గోపాల్‌పూర్ ఇచ్ఛాపురానికి దగ్గరే. అంటే విశాఖలో క్షేమంగా ఉన్న పిల్లల్ని నేనే తుఫానుకు ఎదురు పంపాను. పలాస దాటాక చెట్టు పడి దారి మూసుకుపోయింది. ఒక బడి వరండాలో రాత్రంతా తడిబట్టలతో కూర్చున్నారు. ఫోన్లు లేవు. తెల్లవారి పది గంటలకు ఒక పిల్ల ఎవరి ఫోన్ నుంచో "మేడం, బాగానే ఉన్నాం" అనే దాకా నేను నేనుగా లేను.

ఆ ఉదయం నుంచి "హాస్టల్ ఖాళీ చేయించండి" అనే మాట వింటే మ్యాప్ తెరిచి చూడడం అలవాటు చేసుకున్నాను. పిల్ల ఇల్లు ఏ వైపు ఉంది, తుఫాను ఏ వైపు వెళుతోంది, మధ్యలో ఎన్ని వాగులు, ఎన్ని కాజ్‌వేలు ఉన్నాయి అని. వాతావరణ శాఖ కనీసం 48 గంటల ముందు తుఫాను అలర్ట్, 24 గంటల ముందు తుఫాను హెచ్చరిక ఇస్తుంది. ఇంటికి తెచ్చుకోవాలనుకుంటే మొదటిది రాగానే, పగటిపూట, రోడ్లు పొడిగా ఉన్నప్పుడే తెచ్చుకోవాలి. రెండోది వచ్చాక ఎక్కడివాళ్లు అక్కడే.

ఇక సెలవు ఉత్తర్వు సంగతి. మీరు పంపిన వార్త క్లిప్పింగ్ కాదు, కలెక్టర్ కార్యాలయం ఇచ్చిన అసలు ప్రకటన సంపాదించండి. జిల్లా సమాచార, పౌర సంబంధాల శాఖ పేజీలో పెడతారు. అందులో ఒక్కొక్క మాటా చూడండి. "పాఠశాలలు, జూనియర్ కాలేజీలకు" అని ఉంటే మీ కాలేజీ దాని కిందకు రాదు. "అన్ని విద్యాసంస్థలకు" అని ఉంటే వస్తుంది, నర్సింగ్ కాలేజీ కూడా విద్యాసంస్థే. మన దగ్గర చాలాసార్లు "విద్యాసంస్థలు" అని ఊరుకుంటారు, ఎవరికి తోచిన అర్థం వాళ్లు తీసుకుంటారు. కేరళలో ఈ బాధ తక్కువ. అక్కడి కలెక్టర్ల వర్షం సెలవు ప్రకటనల్లో "ప్రొఫెషనల్ కాలేజీలతో సహా" అని విడిగా రాయడం ఆనవాయితీ. ఆ మూడు మాటలు మన జిల్లాల్లో కూడా ప్రతి ప్రకటనలో ఉండాలని నా కోరిక. అవి లేనందువల్లే మీ అమ్మాయి లాంటి వేలమంది పిల్లలు వర్షంలో గొడుగు పట్టుకుని బస్సు కోసం నిలబడుతున్నారు.

విపత్తు నిర్వహణ చట్టం, 2005 ప్రకారం జిల్లా విపత్తు నిర్వహణ సంస్థకు కలెక్టరే అధ్యక్షుడు. ఆ చట్టం కింద ఇచ్చిన ఆదేశాన్ని సరైన కారణం లేకుండా పాటించకపోతే 51వ సెక్షన్ కింద ఏడాది వరకు జైలు శిక్ష పడవచ్చు, దానివల్ల ప్రాణాలు పోతే రెండేళ్ల వరకు. ప్రకటనలో ఆ చట్టం పేరు ఉందేమో చూడండి. ఉంటే కాలేజీతో వాదించాల్సిన పనే లేదు, కాపీ పంపితే చాలు. ప్రకటనలో స్పష్టత లేకపోతే జిల్లా కంట్రోల్ రూమ్ 1077కి ఫోన్ చేసి, "మా అమ్మాయి కాలేజీకి సెలవు వర్తిస్తుందా" అని అడగండి. తుఫాను రోజుల్లో అక్కడ రాత్రీ పగలూ మనుషులుంటారు. ఇలా అడగడానికి మొహమాటపడకండి.

కాలేజీ వాళ్లు మరో మాట అంటారు. "నర్సు అంటే విపత్తులో పనిచేయాలి, ఇప్పుడే తప్పించుకుంటే రేపు ఏం నర్సవుతుంది" అని. ఆ మాటలో సగం నిజం ఉంది, దాన్ని నేను గౌరవిస్తాను. తుఫాను రాత్రి వార్డు వదలని సిస్టర్లను నా కళ్లతో చూశాను. కానీ వాళ్లు స్టాఫ్. రిజిస్ట్రేషన్ ఉంది, జీతం ఉంది, డ్యూటీ రోస్టరులో పేరు ఉంది. రెండో సంవత్సరం పిల్ల వార్డుకు వెళ్లేది నేర్చుకోవడానికి. పక్కన ట్యూటర్ ఉండాలి. వర్షానికి ట్యూటరే రాలేని రోజున ఆ పిల్ల వార్డులో నేర్చుకునేది ఏముంది? స్టాఫ్ తక్కువైన రోజున విద్యార్థులతో ఆ లోటు పూడ్చుకుంటున్నారంటే అది చదువు కాదు. ఎంబీబీఎస్‌లోనూ ఈ తేడా ఉంది. హౌస్ సర్జన్లు, పీజీలు డ్యూటీలో ఉండాల్సిందే, వాళ్లకు ఆసుపత్రి లోపలే పడుకునే ఏర్పాటు, తిండి, నీళ్లు చూడాల్సిన బాధ్యత ఆసుపత్రిది. మొదటి, రెండో ఏడాది పిల్లల్ని వాళ్లతో కలపకూడదు.

ఇక్కడ ఒక చిన్న మినహాయింపు చెప్పాలి. హాస్టల్, ఆసుపత్రి ఒకే ఆవరణలో ఉండి, మధ్యలో స్లాబు కప్పిన దారి ఉంటే, ట్యూటర్ వెంట పగటి షిఫ్టుకు వెళ్లడం ప్రమాదం కాకపోవచ్చు. అలాంటప్పుడు గొడవ పెట్టుకోకండి. బస్సు ఎక్కి పదిహేను కిలోమీటర్లు వెళ్లాల్సిన పోస్టింగ్ అయితే ఒప్పుకోకండి. గాలి మొదలైనప్పుడు ఆసుపత్రిలో ఉన్న పిల్ల ఆసుపత్రిలోనే ఉండాలి, షిఫ్టు అయిపోయిందని బయటకు పంపకూడదు. ఈ ఒక్క మాట మాత్రం ప్రిన్సిపాల్‌తో ముందే ఖాయం చేసుకోండి.

హాజరు గురించి. మీ అమ్మాయి భయమంతా ఇక్కడే ఉంది, కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నియమం ప్రకారం పరీక్ష రాయడానికి ప్రతి సబ్జెక్టులో థియరీలో, ప్రాక్టికల్లో 80 శాతం హాజరుండాలి. డిగ్రీ చేతికి రావాలంటే ప్రాక్టికల్ గంటలు నూటికి నూరు పూర్తి చేయాలి. ఈ రెండో నియమం చూసి పిల్లలు హడలిపోతారు. నిజానికి అదే వాళ్లకు అండ. నూరు శాతం కావాలంటే జ్వరం వచ్చిన పిల్ల, అక్క పెళ్లికి వెళ్లిన పిల్ల కూడా పోయిన గంటల్ని తర్వాత చేసుకోవాల్సిందే కదా. అందుకని ప్రతి నర్సింగ్ కాలేజీలో పోయిన డ్యూటీలు తర్వాత పూర్తి చేయించే పద్ధతి ఉండి తీరాలి. తుఫానుకు పోయిన రెండు రోజులు కూడా అలాగే ఒక ఆదివారమో సెలవుల్లోనో పూర్తవుతాయి. "ఆబ్సెంట్" అన్న మాటకు అంతకు మించి బలం లేదు. రెండు రోజులతో 80 శాతం కిందకు పడిపోయే స్థితిలో పిల్ల ఇప్పటికే ఉంటే అది వేరే సమస్య, దాని గురించి క్లాస్ కోఆర్డినేటర్‌తో విడిగా మాట్లాడాలి.

మిగతా కోర్సులవాళ్లు చదువుతుంటే వాళ్ల కోసం టూకీగా: ఎంబీబీఎస్‌కి థియరీలో 75, ప్రాక్టికల్, క్లినికల్‌లో 80 శాతం కావాలి. బీఫార్మసీకి 80. న్యాయ విద్యకు 70. జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కాలేజీల్లో మొత్తం మీద 75, సరైన కారణం చూపి ఫీజు కడితే 65 వరకు కండొనేషన్, అంటే తగ్గిన హాజరును మన్నించే వీలు, ఉంది. ఒకటి రెండు తుఫాను రోజులు ఎవరి సంవత్సరాన్నీ ముంచవు. యూనివర్సిటీ పరీక్ష ఉంటే మాత్రం కాలేజీ మాట వినకండి, వాయిదా పడిందని కాలేజీ చెప్పినా, ఉందని చెప్పినా సరే. వాయిదా వేసేది యూనివర్సిటీ. నర్సింగ్‌కి విజయవాడలోని ఆరోగ్య విశ్వవిద్యాలయం వెబ్‌సైట్‌లో నోటీసు చూసుకుని దాని ప్రకారమే నడవండి.

కాలేజీకి ఫోన్ చేసి గొంతు పెంచవద్దు. రాసి పంపండి. ఇలా రాయవచ్చు: "నమస్కారం మేడం. మా అమ్మాయి బీఎస్సీ నర్సింగ్ రెండో సంవత్సరం. రెడ్ అలర్ట్, కలెక్టర్ గారి సెలవు ప్రకటన ఉన్నందున రేపు, ఎల్లుండి ఆమెను హాస్టల్ ఆవరణ దాటించి పోస్టింగ్‌కి పంపడానికి మేము సమ్మతించడం లేదు. ఈ రెండు రోజుల క్లినికల్ గంటలు మీరు చెప్పిన తేదీల్లో పూర్తి చేస్తుంది. ఆమె హాస్టల్లోనే ఉన్నట్టు దయచేసి బదులివ్వండి." ప్రిన్సిపాల్‌కి, వార్డెన్‌కి ఇద్దరికీ పంపండి. ఇలాంటిది ఒక్క తల్లి పంపితే కాలేజీ కోప్పడుతుంది. ఇరవై మంది పంపితే సాయంత్రానికి సర్క్యులర్ మారుతుంది. నేను లోపల ఉండి చూసిన విషయం ఇది. ఎందుకంటే ఏదైనా జరిగితే జవాబు చెప్పాల్సింది తామేనని వాళ్లకూ తెలుసు. 2014 జూన్‌లో హైదరాబాద్ ఇంజినీరింగ్ విద్యార్థులు 24 మంది హిమాచల్‌లో బియాస్ నదిలో కొట్టుకుపోయారు. అది డ్యామ్ నుంచి వదిలిన నీరు, వాన కాదు. అయినా నష్టపరిహారంలో కాలేజీ కూడా వాటా భరించాలని అక్కడి హైకోర్టు చెప్పింది.

ఇప్పుడు హాస్టల్ సంగతి. పిల్ల అక్కడే ఉంటుందంటే ఆ చోటు ఎలాంటిదో మీరు తెలుసుకోవాలి. ఫైలిన్ వచ్చిన సరిగ్గా ఏడాదికి, 2014 అక్టోబర్ 12న, అదే తేదీన హుద్‌హుద్ నేరుగా విశాఖ మీదకే వచ్చింది. ఆదివారం. ఈసారి కూడా ఖాళీ చేయించమన్నారు. నేను సంతకం పెట్టనన్నాను. శనివారం పొద్దుటి నుంచి సంపు, డ్రమ్ములు, బకెట్లు, చివరికి మెస్‌లో పెద్ద గంగాళాలు కూడా నింపించాం. పై అంతస్తులో రేకుల గదుల్లో ఉన్నవాళ్లను, కిటికీ అద్దాలు పెద్దగా ఉన్న గదులవాళ్లను కిందికి దించి, గ్రౌండ్ ఫ్లోర్ నడవలో పరుపులు వేయించాం. నడవకు రెండు వైపులా గదులు ఉండడం వల్ల అద్దం పగిలినా లోపలికి రాదు.

గాలి గంటకు దాదాపు 180 కిలోమీటర్ల వేగం అని తర్వాత చెప్పారు. అప్పుడు మాకు తెలిసింది చప్పుడే. మధ్యాహ్నం ఉన్నట్టుండి అంతా ఆగిపోయింది. ఆకు కదలలేదు. పిల్లలు అయిపోయిందనుకుని లేచారు. ఫోన్ సిగ్నల్ దొరుకుతుందని డాబా మీదకు పరుగెత్తబోయారు. నేను మెట్ల దగ్గర గ్రిల్‌కి తాళం వేసి అక్కడే కూర్చున్నాను. అది తుఫాను కన్ను. నగరం మీదుగా వెళుతోంది. కాసేపటికి గాలి ఈసారి అవతలి దిక్కు నుంచి కొట్టింది. పొద్దున తట్టుకుని నిలిచిన కిటికీలన్నీ అప్పుడు పోయాయి. డాబా మీద రేకు ఒకటి లేచి నీళ్ల ట్యాంకును కోసేసింది. ఆ గ్రిల్ తాళం గురించి మా పిల్లలు ఇప్పటికీ ఫోన్ చేసినప్పుడు గుర్తుచేస్తారు. మీ అమ్మాయికి ఇది తప్పకుండా చెప్పండి: మధ్యలో గాలి ఆగితే బయటకు రాకూడదు. వార్డెన్ వచ్చి చెప్పే దాకా కదలకూడదు.

కాబట్టి వార్డెన్‌ని అడగాల్సినవి: పై అంతస్తు స్లాబా, రేకులా. పిల్లల్ని రాత్రి ఎక్కడ పడుకోబెడతారు. కరెంటు లేకపోతే ఉన్న నీళ్లు ఎన్ని రోజులకు సరిపోతాయి. మెస్‌లో గ్యాస్, బియ్యం, పప్పు ఎంత ఉంది. రాత్రి లోపల ఉండే పెద్దవాళ్లు ఎవరు, వాచ్‌మన్ ఒక్కడేనా. జనరేటర్ ఎక్కడ పెట్టారు.

ఈ చివరి ప్రశ్న విచిత్రంగా ఉండవచ్చు. చాలా ప్రైవేటు హాస్టళ్లలో జనరేటర్, ఇన్వర్టర్ బ్యాటరీలు, ఒక్కోచోట మెస్ కూడా సెల్లార్లో ఉంటాయి. 2024 జులైలో ఢిల్లీ ఓల్డ్ రాజిందర్ నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ బేస్‌మెంట్ లైబ్రరీలోకి వాన నీరు ముంచెత్తి ముగ్గురు విద్యార్థులు చనిపోయారు, వాళ్లలో మన తెలంగాణ అమ్మాయి ఉంది. నీళ్లు సెల్లార్లోకి చేరడానికి గంటలు పట్టదు. వాన మొదలయ్యాక స్కూటీ తీసుకుందామనో, మోటార్ ఆపుదామనో ఎవరూ కిందికి దిగకూడదు. ఇక గాలి తుఫానుకు గ్రౌండ్ ఫ్లోర్ మంచిదని పైన రాశాను. వరదకు అది తప్పు. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ మునిగినప్పుడు జనం రోజుల తరబడి మేడల మీదే ఉన్నారు. మీ అమ్మాయి హాస్టల్ దగ్గర వాగు, చెరువు కట్ట, పల్లం ఉంటే మొదటి అంతస్తు నడవ మంచిది. ఇది చెప్పగలిగేది అక్కడి ఊరివాళ్లే, వార్డెన్ కొత్తవాళ్లయితే పక్క దుకాణం ఆయన్ని అడిగినా చెబుతారు.

హుద్‌హుద్ తర్వాత మా హాస్టల్‌కి కరెంటు ఎనిమిదో రోజున వచ్చింది. ఫోన్లు పలకలేదు. రెండో రోజు సాయంత్రం అనకాపల్లి వైపు నుంచి ఒక తండ్రి వచ్చాడు. సైకిల్ మీద బయలుదేరి, పడిన చెట్ల దగ్గర దాన్ని భుజాన వేసుకుని దాటుతూ వచ్చాడట. సంచిలో రెండు బ్రెడ్ ప్యాకెట్లు, కొవ్వొత్తులు. కూతుర్ని చూసి గేటు దగ్గరే కూర్చుండిపోయాడు. ఆ రాత్రే మా దగ్గరున్న పిల్లలందరి పేర్లు, ఊళ్లు పెద్ద చార్టు మీద రాసి గేటుకు కట్టాం, "అందరూ క్షేమం" అని తేదీ, టైము వేసి. ఒక కాపీ పోలీస్ స్టేషన్లో ఇచ్చాం. ఒక తల్లిదండ్రులు వస్తే ఆ ఊరి పిల్లలందరి కబురు మోసుకెళ్లేవారు. మీ కాలేజీని కూడా ఇది చేయమనండి, ఖర్చు లేని పని.

మీరు చేయాల్సింది ఒకటుంది. గాలి మొదలయ్యాక ఫోన్ కలవదు, కలవకపోతే భయపడొద్దని ఇద్దరూ ముందే అనుకోండి. రోజుకు రెండు వేళలు పెట్టుకోండి, పొద్దున ఏడు, సాయంత్రం ఏడు. ఆ పది నిమిషాలే ఫోన్ ఆన్ చేయమనండి, బ్యాటరీ నిలుస్తుంది. పవర్ బ్యాంక్, టార్చి ఇవాళే ఛార్జ్ చేసుకోమనండి. చిల్లరతో రెండు వేల రూపాయలు చేతిలో ఉంచండి, నెట్ లేకపోతే ఫోన్‌పే లేదు, ఏటీఎం లేదు. పీరియడ్ ప్యాడ్లు, రోజూ వేసుకునే మందులు వారానికి సరిపడా. రెండు సీసాల నీళ్లు మంచం దగ్గరే. సర్టిఫికెట్లు, లాగ్‌బుక్ ప్లాస్టిక్ కవర్లో చుట్టి బీరువా పై అరలో. లాగ్‌బుక్ తడిసి సంతకాలు చెరిగిపోయి, మూడు నెలల పోస్టింగ్ మళ్లీ రుజువు చేసుకోవాల్సి వచ్చిన పిల్లలు నాకు తెలుసు. ప్రతి పేజీ ఇప్పుడే ఫోటో తీసి మీకు పంపమనండి.

తుఫాను వెళ్లిపోయాక వెంటనే బస్సెక్కవద్దు. తెగిన తీగలు నీళ్లలో ఉంటాయి, వేలాడే కొమ్మలు తర్వాతి రోజుల్లో పడతాయి. కాలేజీ తెరిచిన మొదటి రోజే పోయిన రెండు రోజుల గంటలు ఎప్పుడు పూర్తి చేయాలో కోఆర్డినేటర్ దగ్గర తేదీలు రాయించుకోమనండి. పూర్తి చేశాక ఆ రోజు సాయంత్రమే వార్డు ఇన్‌చార్జి సిస్టర్ సంతకం తీసుకోవాలి, వారం ఆగితే సిస్టర్ డ్యూటీ మారిపోతుంది.

కాలేజీ ఏం బదులిచ్చిందో ఇక్కడ రాయండి. రాత్రి పదకొండు వరకు నేను చూస్తూనే ఉంటాను.